బ్రాయిలర్ కోళ్ళ దాణాలో కీటకాల పొడి

పెంచిన పురుగులను ఎండబెట్టి, చాలా సందర్భాల్లో నూనె తీసి, పొడి చేసి, మాంసకృత్తుల కోసం దాణాలో కలిపే పదార్థమే కీటకాల పొడి. కోడికి పురుగు కొత్త ఆహారం కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో నాటుకోళ్ళు గెత్తం కుప్పలను కాళ్ళతో కెలికి పురుగులను ఏరుకుంటాయి; తొలకరి వానలకు పుట్టల్లోంచి లేచే ఉసిళ్ళను, అనగా రెక్కలొచ్చిన చెదపురుగులను, వెంటపడి తింటాయి. ఇంటివారు చల్లే నూకలు, తవుడు కడుపు నింపితే, ఒంటికి కావలసిన మాంసకృత్తుల్లో మంచి భాగం పురుగుల నుంచే వస్తుంది.

1971లో బి.వి.రావు స్థాపించిన వెంకటేశ్వర హేచరీస్ వంటి సంస్థల వల్ల కోళ్ళ పెంపకం పరిశ్రమగా విస్తరించాక, ఊక పరిచిన షెడ్డులో పెరిగే బ్రాయిలర్‌కు ఈ మేత దూరమైంది. ఆరు వారాల్లో రెండు కిలోలు దాటే ఈ కోడికి తొలి దశ దాణాలో 22 శాతం దాకా మాంసకృత్తులు ఉండాలి. మొక్కజొన్న విజయనగరం జిల్లా పొలాల్లోనే పండుతుంది గాని, మాంసకృత్తుల కోసం కలిపే సోయా చెక్క మధ్యప్రదేశ్, మహారాష్ట్రల వైపు నుంచి రావాలి. తీరంలో ఎండబెట్టే చిన్న చేపలు ఆ అవసరాన్ని కొంత తీర్చినా, ఇసుక, ఉప్పు కలిసిన సరుకు కోళ్ళకు చేటు చేస్తుంది. 2021లో సోయా ధర విపరీతంగా పెరిగి, 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి కేంద్రం అనుమతి ఇవ్వవలసి వచ్చింది.

భారతదేశంలో దాణాకు మొదట పరీక్షించిన కీటక పదార్థాల్లో పట్టుపురుగు ప్యూపా ముఖ్యమైనది. దారం తీశాక గూటిలో మిగిలే ఈ ప్యూపాలో నూనె ఎక్కువ; అది త్వరగా చెడి కంపు కొడుతుంది, ఆ వాసన మాంసానికీ పట్టే ప్రమాదముంది. అందుచేత నూనె తీసిన పొడినే పరిశోధకులు మెచ్చారు.

తర్వాత అందరి దృష్టి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే నల్లని ఈగపైకి మళ్ళింది. దీని లార్వాలు కూరగాయల వ్యర్థాలను తిని సుమారు రెండు వారాల్లో ఎదుగుతాయి. ఎండిన లార్వాలో 40 శాతం వరకు మాంసకృత్తులు ఉంటాయి. అమెరికాలో 1973లోనే దీన్ని కోళ్ళకు పెట్టి చూశారు. 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వెలువరించిన నివేదిక ఈ ఆలోచనకు ప్రపంచవ్యాప్త ప్రచారం తెచ్చింది. పిచ్చి ఆవు వ్యాధి భయంతో 2001లో జంతు మాంసకృత్తులను దాణాలో నిషేధించిన ఐరోపా సమాఖ్య, కీటకాల పొడిని 2017లో చేపలకు, 2021లో కోళ్ళకు, పందులకు అనుమతించింది.

పురుగు పైపొరలోని కైటిన్ అనే పీచులాంటి పదార్థం కోడికి సులువుగా అరగదు కనుక, మోతాదు మించితే ఎదుగుదల మందగిస్తుంది. లార్వాలకు పెట్టే వ్యర్థాల్లోని సీసం, కాడ్మియం వంటి లోహాలు వాటి ఒంట్లో చేరగలవు. అందువల్ల పురుగుల మేత శుభ్రంగా ఉండడం ధరకన్నా ముఖ్యం. ఉత్తరాంధ్రలో సంతల కూరగాయల చెత్త, మామిడి వ్యర్థాలు ఇందుకు పనికివస్తాయి. అయితే సోయా చెక్క కన్నా చవక కానంత కాలం కీటకాల పొడి దాణాలో దానికి తోడుగానే ఉంటుంది, దాని స్థానాన్ని తీసుకోలేదు.