యుద్ధానంతర కొరియాలు: ఒకే జాతి, రెండు అభివృద్ధి మార్గాలు

1. పరిచయం

ఉత్తర, దక్షిణ కొరియాల ఆర్థిక ప్రగతిని పోల్చమన్నప్పుడు చాలామంది విద్యార్థులు ఒకే సమాధానం రాస్తారు: దక్షిణాన స్వేచ్ఛా మార్కెట్ గెలిచింది, ఉత్తరాన కమ్యూనిజం ఓడింది. ఇది పూర్తిగా తప్పు కాదు. కాని ఈ సమాధానంతో మూడు ప్రశ్నలు మిగిలిపోతాయి. యుద్ధం ముగిసిన తరువాత దాదాపు ఇరవై ఏళ్లు ఉత్తర కొరియా ఎందుకు ముందుంది? దక్షిణ కొరియాలో ప్రభుత్వ పెత్తనం ఎంతో ఉన్నా పరిశ్రమలు ఎలా పెరిగాయి? ఆ పెరుగుదలకు మూల్యం ఎవరు చెల్లించారు? ఈ మూడింటిని దృష్టిలో ఉంచుకొని ఈ భాగాన్ని చదవండి.

2. విభజన నాటి పరిస్థితి

కొరియా 1910 నుంచి 1945 వరకు జపాన్ వలసగా ఉంది. ఖనిజాలు, జలవనరులు ఉత్తరాన ఎక్కువగా ఉండటంతో జపాన్ భారీ పరిశ్రమలను అక్కడే నెలకొల్పింది. యాలూ నదిపై సుపుంగ్ ఆనకట్ట, హుంగ్నామ్ ఎరువుల కర్మాగారం ఇందుకు ఉదాహరణలు. దక్షిణాన వరి పొలాలు, జనాభా ఎక్కువ. 1945లో 38వ అక్షాంశ రేఖ వద్ద దేశాన్ని విభజించడంతో విద్యుత్తు ఒకవైపు, ధాన్యం మరొకవైపు మిగిలాయి. 1948 మే నెలలో ఉత్తరం విద్యుత్ సరఫరా నిలిపివేయగా దక్షిణాది కర్మాగారాలు దెబ్బతిన్నాయి. అదే ఏడాది రెండు ప్రభుత్వాలు ఏర్పడ్డాయి. 1950 జూన్ 25న మొదలైన యుద్ధం 1953 జూలై 27న విరమణ ఒప్పందంతో ఆగింది. శాంతి ఒప్పందం మాత్రం కుదరలేదు.

3. భూసంస్కరణలు

పారిశ్రామికీకరణకు ముందే రెండు ప్రాంతాలలోనూ భూస్వాముల ప్రాబల్యం తగ్గింది. ఉత్తరాన 1946 మార్చిలో పరిహారం లేకుండా భూములు స్వాధీనం చేసుకొని రైతులకు ఉచితంగా పంచారు. దక్షిణాన 1949 చట్టం సుమారు 3 హెక్టార్ల గరిష్ఠ పరిమితి విధించింది. భూమి పొందిన రైతు ఏడాది పంటకు ఒకటిన్నర రెట్ల విలువను ఐదేళ్లలో చెల్లించాలి. అయితే 1958 నాటికి ఉత్తరాన ఆ భూములన్నీ సమష్టి క్షేత్రాలలో కలిసిపోయాయి. దక్షిణాన రైతు చిన్న కమతానికి యజమానిగానే మిగిలాడు.

4. ఉత్తర కొరియా: వేగం, తరువాత స్తబ్ధత

అమెరికా బాంబుదాడులలో ఉత్తరాది నగరాలు దాదాపు నేలమట్టమయ్యాయి. సోవియట్ యూనియన్, చైనా, తూర్పు ఐరోపా దేశాల సహాయంతోను, ప్రజల కఠిన శ్రమతోను పునర్నిర్మాణం వేగంగా జరిగింది. ఛొల్లిమా ఉద్యమం పేరిట ఉత్పత్తి లక్ష్యాలను మించి పనిచేయాలని కార్మికులను ప్రోత్సహించారు. తలసరి ఉత్పత్తిలో 1970ల ప్రారంభం వరకు ఉత్తరం వెనుకబడలేదని చాలామంది ఆర్థిక చరిత్రకారుల అంచనా.

కాని 1956 ఆగస్టులో ఒక కీలక ఘటన జరిగింది. భారీ పరిశ్రమలకే ప్రాధాన్యం ఇవ్వడాన్ని, వ్యక్తిపూజను పార్టీ సమావేశంలో కొందరు నాయకులు విమర్శించారు. కిమ్ ఇల్ సుంగ్ వారిని పదవుల నుంచి తొలగించాడు. ఆ తరువాత విధానాన్ని ప్రశ్నించగలవారు లేకుండా పోయారు. 1970ల మధ్యలో విదేశీ అప్పులు తీర్చలేని స్థితి వచ్చినా మార్గం మారలేదు. 1991 నాటికి సోవియట్ సరఫరాలు కుప్పకూలాయి. చమురు తగ్గితే ఎరువులు తగ్గాయి, విద్యుత్తు లేక నీటిపంపులు ఆగాయి, పంట పడిపోయింది. 1995 వరదలు దీనికి తోడయ్యాయి. 1990ల మధ్యలో వచ్చిన కరువులో లక్షలాది మంది మరణించారు.

5. దక్షిణ కొరియా: ప్రభుత్వం నడిపిన మార్కెట్

1950లలో దక్షిణ కొరియా అమెరికా సహాయంపై ఆధారపడిన పేదదేశం. 1960 ఏప్రిల్‌లో విద్యార్థుల తిరుగుబాటుతో సింగ్‌మన్ రీ గద్దె దిగాడు. 1961 మే 16న పార్క్ చుంగ్ హీ సైనిక కుట్రతో అధికారం చేజిక్కించుకున్నాడు. అతడు బ్యాంకులను ప్రభుత్వ అధీనంలోకి తెచ్చాడు. 1962లో తొలి పంచవర్ష ప్రణాళిక ప్రారంభించాడు. ఏ పరిశ్రమకు అప్పు ఇవ్వాలో ప్రభుత్వమే నిర్ణయించేది. కనుక ఇది స్వేచ్ఛా మార్కెట్ కాదు.

తేడా ఎక్కడుంది? చౌక అప్పు పొందిన సంస్థ విదేశాలలో సరుకు అమ్మి చూపించాలి. సరుకు బాగుందా లేదా అన్నది స్వదేశీ అధికారి కాదు, విదేశీ కొనుగోలుదారు తేల్చేవాడు. ఎగుమతులు 1964లో 10 కోట్ల డాలర్లు కాగా, 1977లో 1,000 కోట్ల డాలర్లకు చేరాయి. 1965లో జపాన్‌తో కుదిరిన ఒప్పందం ద్వారా వచ్చిన నిధులలో కొంత భాగంతో పోహాంగ్ ఉక్కు కర్మాగారం నిర్మించారు. అందులో 1973లో ఉత్పత్తి మొదలైంది.

6. చెల్లించిన మూల్యం

ఈ ప్రగతి వెనుక తక్కువ కూలి, సుదీర్ఘ పనిగంటలు, సంఘాలపై అణచివేత ఉన్నాయి. 1970 నవంబర్ 13న సియోల్‌లో 22 ఏళ్ల దర్జీ కార్మికుడు చోన్ తే ఇల్, అమలుకాని కార్మిక చట్టం పుస్తకంతోపాటు తనను తాను దహించుకున్నాడు. 1980 మేలో గ్వాంగ్జు నగరంలో ప్రజాస్వామ్యం కోరినవారిపై సైన్యం కాల్పులు జరిపింది. 1987 జూన్‌లో లక్షలాది ప్రజలు వీధుల్లోకి వచ్చిన తరువాతే అధ్యక్షుడిని ప్రత్యక్షంగా ఎన్నుకునే హక్కు లభించింది.

7. సారాంశం

విదేశీ సహాయం, భూసంస్కరణ, ప్రభుత్వ ప్రణాళిక, నిరంకుశ పాలన రెండు కొరియాలలోనూ ఉన్నాయి. కనుక వాటిలో ఏ ఒక్కటీ తేడాను వివరించలేదు. తప్పు జరిగితే బయటపెట్టే ఏర్పాటు ఉందా లేదా అన్నదే అసలు తేడా. దక్షిణాన మొదట విదేశీ మార్కెట్, తరువాత ప్రజల పోరాటం ఆ పని చేశాయి. ఉత్తరాన విమర్శకుల నోరు నొక్కిన మూల్యాన్ని నలభై ఏళ్ల తరువాత ఆకలిగొన్న ప్రజలు చెల్లించారు.

8. మీ ప్రగతిని తెలుసుకోండి

1. రెండు కొరియాల భూసంస్కరణల మధ్య భేదాలు రాయండి.
2. దక్షిణ కొరియాది స్వేచ్ఛా మార్కెట్ విజయమన్న వాదనను పరిశీలించండి.
3. 1956 ఆగస్టు ఘటనకు, 1990ల కరువుకు గల సంబంధాన్ని చర్చించండి.