కోడి, కుక్క, ఇల్లు: ఆశ్రయం ఇవ్వడంలోని చరిత్ర



దక్షిణ ఢిల్లీలో బేర్ సరాయ్, జియా సరాయ్, కాలూ సరాయ్, లాడో సరాయ్ వంటి పేర్లు గల పేటలు దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. కటవారియా సరాయ్ వాటిలో ఒకటి. సరాయ్ అంటే బాటసారులు బస చేసే సత్రం. ఒకవైపు ఐఐటీ, మరోవైపు జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం, పక్కనే సంజయ్ వన్ అనే అడవి. వీటి మధ్య నగరం చుట్టుముట్టిన పాత పల్లె ఇది. ఇలాంటి పల్లెల నివాస స్థలానికి పరిపాలకులు పటం మీద ఎర్ర గీతతో హద్దు వేశారు. 1908 నుంచి దానిని ‘లాల్ డోరా’ అంటున్నారు.

ఒకప్పటి పల్లె ఇళ్లు నేడు అద్దె గదులయ్యాయి. పోటీ పరీక్షలకు చదివే విద్యార్థులు దేశం నలుమూలల నుంచి వచ్చి ఈ పేటల్లో ఉంటారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. రెండు మూడేళ్లు ఉంటారు, పరీక్ష కాగానే వెళ్లిపోతారు. సత్రం పోయినా సత్రం లక్షణం పోలేదు.

అలాంటి గదిలో ఉన్న విద్యార్థి వానలో తడుస్తున్న ఒక కుక్కపిల్లను లోపలికి తెచ్చుకున్నాడనుకుందాం. లేదా సంతలో రంగు పూసి అమ్మే కోడిపిల్లను ముచ్చటపడి కొన్నాడనుకుందాం. ఆ క్షణంలో కలిగేది దయ. అందులో తప్పు లేదు. అయితే గది ఖాళీ చేసే రోజున ఆ ప్రాణి సంగతి ఏమిటి? మనిషి తన ఇంటికి చేర్చుకున్న ప్రాణికి ఎంతకాలం బాధ్యుడు? ఈ ప్రశ్న కొత్తది కాదు. దానికి ఏయే కాలాల్లో ఏయే సమాధానాలు వచ్చాయో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

అడవి నుంచి వాకిట్లోకి

మనిషి మచ్చిక చేసుకున్న జంతువులలో మొదటిది కుక్క. తోడేలు జాతి నుంచి అది వేరుపడింది. జర్మనీలో బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్ అనే చోట 1914లో ఒక సమాధి బయటపడింది. సుమారు 14,000 సంవత్సరాల నాటి ఆ సమాధిలో ఇద్దరు మనుషుల అస్థికలతో పాటు ఒక చిన్న వయసు కుక్క అస్థికలూ ఉన్నాయి. 2018లో శాస్త్రజ్ఞులు దాని పళ్లను పరీక్షించి, దానికి డిస్టెంపర్ అనే తీవ్రమైన వ్యాధి సోకి ఉంటుందని తేల్చారు. ఆ వ్యాధి వచ్చిన పిల్ల ఎవరూ చూడకపోతే ఎక్కువ కాలం బతకదు. ఈ పిల్ల కొన్ని వారాలు బతికింది. అంటే వేటకు పనికిరాని, జబ్బుపడిన ఆ పిల్లకు ఎవరో తిండీ నీళ్లూ పెట్టి, వెచ్చగా ఉంచారన్నమాట.

కోడి సంగతి వేరు. ఆగ్నేయాసియా అడవికోడి మన నాటుకోడికి పూర్వీకురాలు. థాయ్‌లాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికిన ఎముకలు క్రీస్తుపూర్వం 1650-1250 మధ్య కాలానివని 2022లో పరిశోధకులు ప్రకటించారు. మెట్ట వరి, చిరుధాన్యాలు పండించే పొలాల్లో రాలిన గింజల కోసం అడవికోళ్లు మనుషుల దగ్గరికి వచ్చి ఉంటాయని వారి అభిప్రాయం.

కోడిని మొదటి నుంచీ కూర కోసమే పెంచారని మనం అనుకుంటాం. ఐరోపాలో తొలికాలపు కోళ్ల అస్థికలు చాలాచోట్ల నరికిన గుర్తులు లేకుండా, పూర్తిగా పూడ్చిపెట్టిన స్థితిలో దొరికాయి. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో బ్రిటన్ మీద దండెత్తిన జూలియస్ సీజర్, అక్కడివారు కోడిని తినడం తప్పుగా భావిస్తారని, వినోదం కోసమే పెంచుకుంటారని రాశాడు. కనుక కోడిని ముచ్చటకు పెంచుకోవడం ఈ కాలపు వింత ఏమీ కాదు.

అశోకుని స్తంభం మీద కోడి

ఇప్పుడు మళ్లీ ఢిల్లీకి వద్దాం. ఫిరోజ్ షా కోట్లాలో ఒక అశోక స్తంభం ఉంది. 14వ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ దానిని తోప్రా అనే ఊరి నుంచి తెప్పించి అక్కడ నిలబెట్టాడు. దాని మీది బ్రాహ్మీ లిపిని 1837లో జేమ్స్ ప్రిన్సెప్ చదవగలిగాడు. ఆ స్తంభం మీది అయిదవ శాసనం అశోకుడు పట్టాభిషిక్తుడైన 26 సంవత్సరాలకు వేయించినది. చంపకూడని పక్షుల, జంతువుల జాబితా అందులో ఉంది. ఉపయోగానికీ తిండికీ పనికిరాని నాలుగుకాళ్ల జంతువులన్నిటినీ అందులో చేర్చారు. కోడిపుంజులకు విత్తులు తీయరాదని కూడా ఆ శాసనం ప్రత్యేకంగా చెబుతుంది. ఒక చక్రవర్తి వాకిట్లోని పుంజు బాధను రాతి మీద నమోదు చేయించాడు!

ఇదే అశోకుని శిలాశాసనాలు మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో కూడా ఉన్నాయి. వాటిలో రెండవది మనుషులకూ పశువులకూ వైద్య సదుపాయం కల్పించిన విషయం తెలియజేస్తుంది. చంపవద్దని చెప్పడం ఒక మెట్టు, జబ్బు చేస్తే చూడాలని చెప్పడం మరో మెట్టు. ఈ తేడాను మీరు గుర్తుంచుకోవాలి.

భారతంలో రెండు కుక్కలు

మన సాహిత్యంలో కుక్కకు గౌరవం తక్కువ. ‘కుక్కకాటుకు చెప్పుదెబ్బ’, ‘కుక్క తోక వంకర’ వంటి సామెతలు ఈ చిన్నచూపునే చూపుతాయి. కాని మహాభారతం తీరు భిన్నం. ఆదిపర్వంలో, నన్నయ తెలుగు చేసిన భాగంలోనే, సరమ కథ వస్తుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సరమ అనే దేవశునకం కొడుకు సారమేయుడు ఆడుకుంటూ వస్తాడు. ఏ తప్పూ చేయని అతనిని రాజు తమ్ములు కొడతారు. తల్లి వచ్చి రాజునే నిలదీస్తుంది. మంచిచెడ్డలు విచారించకుండా బలహీనులకు కీడు చేసేవారికి అనుకోని ఆపదలు వస్తాయని చెప్పి వెళుతుంది.

చివరన, తిక్కన తెలుగు చేసిన మహాప్రస్థానిక పర్వంలో, మరో కుక్క ఉంది. తమ్ములు, ద్రౌపది దారిలో పడిపోగా ధర్మరాజు వెంట అదొక్కటే మిగులుతుంది. కుక్కను వదిలి రథమెక్కమని ఇంద్రుడు చెబుతాడు. తనను నమ్మి వచ్చినదానిని వదలి స్వర్గానికి రానని ధర్మరాజు నిరాకరిస్తాడు. మొదటి కథ కొట్టవద్దని చెబుతోంది. రెండవ కథ విడిచిపెట్టవద్దని చెబుతోంది. ఈ రెండవది పాటించడమే కష్టం.

పందెపు పుంజు, పెరటి పెట్ట, ఫారం కోడి

తెలుగు చరిత్రలో పేరుపడిన కోళ్లు పల్నాటి పందెపు పుంజులు. 12వ శతాబ్దపు పల్నాటి కథలో బ్రహ్మనాయుడికీ నాగమ్మకూ మధ్య కోడిపందెం జరిగి, ఓడిన మాచర్లవారు రాజ్యం విడిచి వలస వెళ్లవలసి వచ్చింది. అది చివరకు కారెంపూడి యుద్ధానికి దారితీసింది. పందెం కోసం పెంచే అసీల్ జాతి పుంజుకు మంచి మేత, మాలిష్ అన్నీ అందుతాయి. కాని ఆ సంరక్షణ అంతా కత్తి కట్టే రోజు వరకే. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడాన్ని నేరంగా పేర్కొంది.

పెరటి పెట్ట కథలో ఇంత ఆర్భాటం లేదు. పగలు ఇల్లిల్లూ తిరిగి పురుగులూ గింజలూ ఏరుకు తిని, సాయంత్రం గంప కిందికి చేరేది. గుడ్ల మీద వచ్చే కొద్దిపాటి డబ్బు చాలా ఇళ్లలో ఆడవారి చేతిలో ఉండేది. ఈ పెరటి పెంపకానికి అనువైన వనరాజా, గ్రామప్రియ రకాలను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించింది.

ఫారం వచ్చాక లెక్క మారింది. కోడి సహజంగా అయిదు నుంచి ఎనిమిదేళ్లు బతకగలదు. మాంసపు కోడి ఆరు వారాలకే సంతకు పోతుంది. గుడ్ల కోడిని సుమారు ఏడాదిన్నర దాటాక తీసివేస్తారు. ఐరోపా సమాఖ్య 2012 నుంచి ఇరుకు పంజరాలను నిషేధించింది. బ్రిటన్‌లో 2005లో మొదలైన ఒక సంస్థ ఫారాలు తీసివేసే కోళ్లను చంపకుండా ఇళ్లకు దత్తత ఇస్తోంది. సీజర్ చూసిన ముచ్చట రెండువేల ఏళ్ల తర్వాత అదే దేశంలో కొత్త రూపంలో తిరిగి వచ్చిందనవచ్చు.

వీధికుక్క: చంపడం నుంచి శస్త్రచికిత్స దాకా

వీధికుక్క విషయంలో ప్రభుత్వాల తొలి ఆలోచన చంపడమే. 1832 జూన్‌లో బొంబాయిలో ఆంగ్లేయ పాలకులు కుక్కలను చంపించారు. తలకు ఇంతని పారితోషికం ఇవ్వడంతో, పట్టేవారు ఇళ్లలోని కుక్కలను కూడా లాక్కుపోయారు. కుక్కను పవిత్రంగా భావించే పార్సీలు తిరగబడగా నగరంలో అల్లర్లు చెలరేగాయి. లండన్‌లో 1860లో మేరీ టీల్బీ అనే మహిళ తప్పిపోయిన, ఆకలితో ఉన్న కుక్కల కోసం ఒక శరణాలయం ప్రారంభించింది. అదే తరువాత బ్యాటర్‌సీ శరణాలయంగా ప్రసిద్ధి చెందింది.

స్వతంత్ర భారతంలో రాజ్యసభ సభ్యురాలు, నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ జంతువుల కోసం చట్టం కావాలని పట్టుబట్టారు. దాని ఫలితమే 1960 నాటి చట్టం. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. చెన్నైలో 1959లో ప్రారంభమైన బ్లూ క్రాస్ సంస్థ, కుక్కలను చంపడానికి బదులు గర్భనిరోధక శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటనే వదలాలని 1960ల నుంచీ వాదించింది. 1996లో చెన్నై నగరపాలక సంస్థ ఆ పద్ధతిని చేపట్టింది. 2001లో అది దేశానికంతటికీ నియమావళి అయింది. 2023లో కొత్త నియమావళి వచ్చింది.

ఈ పద్ధతి వెనుక ఉన్న తర్కం తేలికైనదే. ఒక వీధిలో ఎన్ని కుక్కలు ఉంటాయన్నది అక్కడ దొరికే తిండి మీద, అంటే ముఖ్యంగా చెత్తకుప్పల మీద ఆధారపడుతుంది. ఉన్నవాటిని చంపితే ఖాళీ అయిన చోటికి పక్క వీధి కుక్కలు వస్తాయి. వాటికి టీకా ఉండదు. టీకా పొంది, పిల్లలు పెట్టని కుక్కలు అక్కడే ఉంటే కొత్తవాటిని రానీయవు. వంద కుక్కలలో డెబ్బయింటికి టీకా వేస్తే రేబీస్ వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అయితే కాగితం మీది నియమం వీధిలో అమలు కాకపోతే ఫలితం దారుణంగా ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు మరణించాడు. తోటలూ ప్రహరీలూ లేని పేదల పిల్లలే ఎక్కువగా ఈ ప్రమాదానికి గురవుతారు. జంతువుల మీద దయ గురించి మాట్లాడేవారు ఈ బాధను తక్కువ చేసి చూడరాదు.

ఢిల్లీలో 2025

2025లో ఈ రెండు వాదాలూ సుప్రీంకోర్టు ముందుకు వచ్చాయి. ఢిల్లీ పరిసరాల్లోని వీధికుక్కలను పట్టి శరణాలయాలకు తరలించాలని ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆదేశించింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని సవరించింది. శస్త్రచికిత్స చేసి టీకా వేసిన కుక్కలను పట్టిన చోటనే వదలాలని, రేబీస్ సోకినవాటిని, దాడి చేసే స్వభావం గలవాటిని మాత్రం వదలరాదని చెప్పింది. తిండి పెట్టడానికి ప్రత్యేక స్థలాలు చూపాలంది. నవంబరు 7న పాఠశాలలు, ఆసుపత్రులు, బస్, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల నుంచి కుక్కలను తొలగించాలని మరో ఉత్తర్వు వచ్చింది.

ఆగస్టు 22 ఉత్తర్వులో మన పాఠానికి ముఖ్యమైన అంశం మరొకటి ఉంది. జంతుప్రేమికులు నగరపాలక సంస్థకు దరఖాస్తు చేసుకుని కుక్కను దత్తత తీసుకోవచ్చు. కాని అలా తీసుకున్న కుక్క తిరిగి వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వారిదే. ధర్మరాజు నోట భారతం చెప్పించిన మాటను న్యాయస్థానం దరఖాస్తు షరతుగా మార్చిందని చెప్పవచ్చు.

దత్తత అంటే ఏమిటి?

కటవారియా సరాయ్ అద్దె గదికి తిరిగి వద్దాం. వీధికుక్క ఇంట్లో పది పన్నెండేళ్లు బతకగలదు. పరీక్షకు చదివే కాలం రెండేళ్లు. మిగిలిన ఎనిమిది పదేళ్లకు ఏర్పాటు లేకుండా తెచ్చుకుంటే, మెత్తని పడకకు అలవాటైన కుక్క ఒకరోజు మళ్లీ వీధిలో పడుతుంది. అక్కడి కుక్కలు దానిని చేరనీయవు. ఇంటి యజమాని అనుమతి, ఏటేటా టీకా, శస్త్రచికిత్స, నగరపాలక సంస్థలో నమోదు, సెలవుల్లో చూసే మనిషి, ఊరు మారితే రైలు ప్రయాణం – వీటన్నిటినీ ముందే లెక్క వేసుకోవాలి.

కోడికీ ఇదే సూత్రం. దానికి తిరగడానికి నేల, రాత్రికి గూడు, తోటి కోళ్లు కావాలి. పుంజు తెల్లవారుజామునే కూస్తుంది, పక్క గదివారు ఓర్చుకోవాలి. 2021 జనవరిలో బర్డ్ ఫ్లూ వల్ల ఢిల్లీలోని గాజీపూర్ కోళ్ల మార్కెట్‌ను కొన్నాళ్లు మూసివేశారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో అదే వ్యాధి కనిపించింది. కోడిని ముట్టుకున్నాక చేతులు కడుక్కోవడం, జబ్బుపడిన పక్షి గురించి పశువైద్యునికి తెలపడం పెంపకంలో భాగమే.

ఇవేవీ కుదరనివారికి వేరే మార్గం లేదా? ఉంది. ఢిల్లీలో 1979లో మొదలైన ఫ్రెండికోస్, హైదరాబాద్‌లో 1990వ దశకంలో అక్కినేని అమల ప్రారంభించిన బ్లూ క్రాస్ వంటి సంస్థలు ఆపదలో ఉన్న జంతువులను చేరదీస్తున్నాయి. వాటికి సెలవు రోజున కాస్త సాయం చేయవచ్చు. వీధిలోని కుక్కకు టీకా వేయించవచ్చు. గది ముందు చెత్త పేరుకోకుండా చూడవచ్చు. ఒక ప్రాణిని తెచ్చుకుని వదిలేయడం కంటే ఇవి మేలైన పనులు.

ఓబర్‌కాసెల్‌లో జబ్బుపడిన పిల్లను సాకినవారి పేర్లు మనకు తెలియవు. వారికి చట్టం లేదు, శాసనం లేదు. ఉన్నది ఒక్కటే: దగ్గరకు తీసినదానిని చివరిదాకా చూడటం. తరువాతి కాలపు శాసనాలూ చట్టాలూ మనకు గుర్తుచేస్తున్నది దానినే.

ఆలోచించండి

1. కొట్టకపోవడానికీ విడిచిపెట్టకపోవడానికీ తేడా ఏమిటి? భారతంలోని రెండు కథల ఆధారంగా వివరించండి.

2. మీ వీధిలో చెత్త ఎక్కడ పేరుకుంటుంది, కుక్కలు ఎక్కడ ఉంటాయి? ఒక వారం గమనించి పటం గీయండి.

3. మీ ఇంట్లో పెద్దవారిని అడిగి, వారి చిన్ననాటి పెరటి కోళ్ల పెంపకం గురించి ఒక పేజీ రాయండి.