రోగి చరిత్ర ఎవరి సొత్తు?

వైద్యుడు రోగిని పరీక్షించి కాగితముమీద వ్రాసికొను విషయములు ఎవరివి? వ్రాసిన వైద్యునివా? దాచిన ఆసుపత్రివా? ఎవరి దేహమును గూర్చి వ్రాసిరో ఆ రోగివా? ప్రశ్న చిన్నదే, కాని దీనికి సమాధానము లభించుటకు రెండువేల యేండ్లకు పైగా పట్టినది.

ప్రాచీన గ్రీకు వైద్యుడగు హిపోక్రటీసు పేర వెలసిన ప్రతిజ్ఞ రోగి రహస్యములను బయటపెట్టరాదని వైద్యుని శాసించినది. ఆయన పేరనే ప్రచారములోనున్న మరియొక గ్రంథము, చికిత్సాకాలమున చాల విషయములను రోగికే తెలియనీయవలదని బోధించినది. రహస్యము లోకమునుండియే గాక రోగినుండి కూడ దాచబడినదన్నమాట!

1973లో షెంకిన్, వార్నర్ అనువారు అమెరికాలోని ఒక ప్రముఖ వైద్య పత్రికలో ఈ ఆచారమును ప్రశ్నించిరి. ప్రతి రోగికిని అతని దస్త్రము పూర్తి నకలు ఇచ్చునట్లు చట్టము చేయవలెనని వారి వాదము.

కెనడాలో ఒక స్త్రీ తన వైద్యురాలిని పూర్తి దస్త్రము కోరినది. వైద్యురాలు తాను వ్రాసినవి ఇచ్చి, ఇతర వైద్యులు పంపిన నివేదికలు వారి సొత్తని నిరాకరించినది. 1992లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఇట్లు తీర్పు చెప్పినది: కాగితము వైద్యునిది, అందలి విషయమును తెలిసికొను హక్కు రోగిది. తెలిపినచో హాని కలుగునని వైద్యుడు తలచినచో, దానిని నిరూపించు భారము కూడ వైద్యునిదే.

చదివిన రోగులు బెదరిపోవుదురను భయము మాత్రము మిగిలినది. దానిని ప్రయోగముచే తేల్చిరి. 2010లో అమెరికాలో మూడు వైద్యసంస్థలలోని 105 మంది వైద్యులు తమ వ్రాతలను రోగులకు చూపసాగిరి. ఏడాది గడచినపిమ్మట, వానిని చదివి ప్రశ్నలకు జవాబిచ్చిన రోగులలో సుమారు 99 శాతము ఈ పద్ధతి కొనసాగవలెననిరి. వైద్యులలో ఒక్కరును మానలేదు.

మన దేశమున 2002 నాటి వైద్యవృత్తి నిబంధనల ప్రకారము, రోగి కోరిన 72 గంటలలోగా దస్త్రములు ఈయవలెను.

నేడు దస్త్రము కంప్యూటరులోనికి చేరినది. కాగితము ఒకచోటనే యుండును. కంప్యూటరులోని నకలు క్షణములో వేయిచోట్ల నుండగలదు. కావున తెలిసికొను హక్కు ఒక్కటే చాలదు; ఎవరు చూడవచ్చునో నిర్ణయించు హక్కును కావలెను. 2023లో మన పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, ఒకసారి ఇచ్చిన సమ్మతిని తిరిగి తీసికొను హక్కును గుర్తించినది.

హక్కు చట్టములో నుండిన చాలదు, అడుగువారుండవలెను. ఇంటిలో ఎవరైన ఆసుపత్రినుండి వచ్చునపుడు, మందుల సంచితోపాటు దస్త్రముల నకలును అడిగి తెచ్చుకొనుట మన విద్యార్థులు నేర్పదగిన మంచి అలవాటు.