మార్కుల్లో రెండు, జాబితాలో ఆరు

1971లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో హెలెన్ ఫీనీ అనే ఆవిడ ఒక ప్రభుత్వోద్యోగానికి పరీక్ష రాసింది. దంతవైద్యుల బోర్డులో అసిస్టెంట్ సెక్రటరీ పోస్టు. మార్కుల్లో రెండో స్థానం వచ్చింది. తీరా జాబితా చూస్తే ఆవిడ పేరు ఆరోది. పైనున్న ఐదుగురూ మిలటరీలో చేసి వచ్చిన మగవాళ్లు. ఉద్యోగం చివరికి ఆవిడకంటే తక్కువ మార్కులొచ్చిన మాజీ సైనికుడికి వెళ్లింది.

ఆ తర్వాత మళ్లీ రాసింది. ఈసారి మార్కుల్లో 17వ స్థానం, జాబితాలో 70. ముందున్న మాజీ సైనికులు 64 మంది, వాళ్లలో 63 మంది మగవాళ్లే. 1963లో సీనియర్ గుమాస్తాగా చేరి, పరీక్షలు రాసుకుంటూ పైకొచ్చిన మనిషి ఈవిడ. 1975లో ఆ ఉన్న ఉద్యోగం కూడా రద్దయింది. ఇక కోర్టుకెక్కింది.

ప్రాణాలొడ్డి వచ్చినవాళ్లకి ఉద్యోగంలో ముందు వరస ఇవ్వడం తప్పని నేననను. వయసంతా సరిహద్దులో గడిపినవాడు ఇంటికొచ్చి పుస్తకాలు పట్టుకున్న కుర్రాళ్లతో పోటీపడాలంటే కష్టమే. అమెరికాలో అంతర్యుద్ధం ముగిసిన 1865లోనే గాయపడిన సైనికుల కోసం ఇలాంటి చట్టం వచ్చింది. 1944 నాటి కేంద్ర చట్టం మార్కులు కలిపే పద్ధతి పెట్టింది: మాజీ సైనికుడికి 5, యుద్ధంలో వికలాంగుడైతే 10. చనిపోయిన సైనికుడి భార్యకీ, పనిచేయలేని స్థితిలో ఉన్న సైనికుడి భార్యకీ కూడా ఆ పది మార్కులు వర్తించాయి. ఇంటి భారం ఎవరి మీద పడుతుందో ఆలోచించి రాశారనిపించింది నాకు.

మసాచుసెట్స్ దారి వేరు. అక్కడ 1896 నుంచీ మార్కులు కలపడం కాదు, పరీక్ష పాసైతే చాలు, మాజీ సైనికుడు మిగతా అందరికంటే పైన. అదీ జీవితాంతం, ఎన్నిసార్లు రాసినా. ఆ చట్టంలోనే ఇంకో సంగతి ఉంది. ‘ఆడవాళ్లే కావాలి’ అని అడిగిన పోస్టులకి ఈ నియమం వర్తించదు. 1971 దాకా ఆ మినహాయింపు నడిచింది. అంటే టైపు కొట్టే కుర్చీలు ఆడవాళ్లకి, సంతకాలు పెట్టే కుర్చీలు మగవాళ్లకి!

మరి ఆడవాళ్లు మిలటరీలో చేరొచ్చుగా అంటారా? 1948 చట్టం ప్రకారం సైన్యంలో ఆడవాళ్లు 2 శాతం మించకూడదు. 1967 దాకా ఆ గీత చెరగలేదు. చిన్నపిల్లల తల్లులకైతే ప్రవేశమే లేదు. ఆ రాష్ట్రపు మాజీ సైనికుల్లో 98 శాతం పైగా మగవాళ్లే ఉండటం మరి వింతా?

కింది కోర్టు ఫీనీ పక్షాన తీర్పిచ్చింది. 1979 జూన్ 5న సుప్రీంకోర్టు 7–2 తేడాతో దాన్ని తోసేసింది. నష్టపోయినవాళ్లలో మగవాళ్లూ ఉన్నారనీ, ఆడవాళ్లని దెబ్బతీయాలని చట్టం చేయలేదనీ, ఫలితం అలా వచ్చిందంతేననీ వాళ్ల వాదన. జస్టిస్ మార్షల్, జస్టిస్ బ్రెన్నన్ ఒప్పుకోలేదు. నేనూ ఆ ఇద్దరి వైపే. ఫలితం ఇలా ఉంటుందని ముందే తెలిసినప్పుడు ‘ఉద్దేశం లేదు’ అనడం, పెళ్లి విందులో ఆడవాళ్ల బంతికి కూరలు మిగలకపోతే ‘కావాలని చేశామా’ అనడం లాంటిదే. మాజీ సైనికుడికి ఐదో పదో మార్కులు కలిపి ఉంటే అతని గౌరవానికేమీ తక్కువయ్యేది కాదు, ఆవిడకీ పోటీ మిగిలేది.

మన దగ్గర పద్ధతి ఇంకోటి. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాల్లో ఎక్స్ సర్వీస్‌మెన్‌కి 10 శాతం కోటా, వయసులో సడలింపు. మిగతావాళ్ల దారి మూసుకుపోదు కాబట్టి ఇదే నయం. కానీ ఆ పేరులోనే ‘మెన్’ ఉంది. ఆర్మీలో డాక్టర్లు, నర్సులు కాకుండా వేరే శాఖల్లో ఆడవాళ్లని ఆఫీసర్లుగా తీసుకోవడం 1992లో మొదలైంది. జవాన్ల స్థాయికి మాత్రం 2019 దాకా ఆగాల్సి వచ్చింది. మిలటరీ పోలీసు విభాగంలో 83 మంది అమ్మాయిల మొదటి జట్టు 2021 మేలో బెంగళూరులో శిక్షణ పూర్తిచేసుకుంది. వాళ్లలో ఎవరైనా సర్వీసు ముగించుకుని వచ్చి గ్రూప్ సి దరఖాస్తు నింపితే, ఎక్స్ సర్వీస్‌మెన్ అన్న గడిలోనే టిక్కు పెట్టాలి.