ఆ పిట్టని తినేవాడెవడు?

గోర్సీ కుంపటిలో ఇంకో రెండు బొగ్గులు వెయ్యరా, వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఏటి, ఈము పిట్ట సంగతా? మీ నాన్నకీ సగమే తెలుసు. వినండి.

2013 ప్రాంతంలో మాట. అప్పటికి నేను భిలాయి ఉక్కు కర్మాగారంలో రిటైరై, సెక్టార్ క్వార్టర్ ఖాళీ చేసి, ఇలా రిసాలీ వైపు వచ్చేశాం. వరికోతలైపోయిన రోజులు. పొద్దున్నే ఉతయి అవతలి పల్లె నుంచి ఫోను. రైల్ మిల్లులో నాతో ఒకే షిఫ్టు చేసిన ఛత్తీస్‌గఢీ నేస్తం. “భయ్యా, మా బాడీలో షుతుర్‌ముర్గ్ దూరింది. మీ ఆంధ్రావాళ్లు పెంచుతారు కదా, వచ్చి పట్టుకుపో” అన్నాడు. బాడీ అంటే పెరటి తోట, షుతుర్‌ముర్గ్ అంటే ఉష్ట్రపక్షి. ఆంధ్రావాడినైతే చాలు, ఈము నా చుట్టం అయిపోయింది!

వెళ్లేసరికి ఊరంతా కంచె చుట్టూ ఉంది. కుక్కలు మొరగడమే గాని దగ్గరికి పోవు. మనిషెత్తు పిట్ట నింపాదిగా టమాటాలు ఏరుకు తింటోంది. ముందు కాళ్లు చూశాను. ఉష్ట్రపక్షికి రెండే వేళ్లు. దీనికి మూడున్నాయి, ఈమే. దాని ఎదురుగా నిలబడొద్దురా అని కుర్రాళ్లని కేకేశాను. ముందుకి తన్నిందంటే గోళ్లతో చీరేస్తుంది. పరిగెత్తితే గంటకి 50 కిలోమీటర్లు, నువ్వు మోటారు సైకిలెక్కి తరమాలి. అందుకే తడికెలు అడ్డం పట్టుకుని, చప్పుడు చెయ్యకుండా గోడ మూలకి తోలి, వెనక నుంచి ఒడిసిపట్టాం.

ఈ విద్య నాకెక్కడిదంటే, మీ నాయనమ్మ తమ్ముడి దగ్గర నేర్చుకున్నదే. పార్వతీపురం వైపు వాడు జతలు కొని పెంచాడు. ఓ సంక్రాంతికి వచ్చి చెప్పిందే చెప్పాడు. గుడ్డు ముదురాకుపచ్చ, అరకిలో పైనే ఉంటుందట. పెట్టడం వరకే ఆడదాని పని. మగది ఎనిమిది వారాలు మేత ముట్టకుండా పొదుగుతుందట. కొవ్వు లేని మాంసం, కీళ్లనొప్పులకి నూనె, తోలు, ఈకలు, ఆఖరికి గోళ్లు కూడా డబ్బేనట.

నేను ఒక్కటే అడిగాను. “పిల్లల్ని ఎవరికి అమ్ముతావు?”

“కొత్తగా ఫారం పెట్టేవాళ్లకి బావా.”

“వాళ్లెవరికి అమ్ముతారు?”

“ఆ తర్వాత పెట్టేవాళ్లకి.”

“మరి కోసి కూర వండుకునేవాడెవడు?”

వాడు అరిసె విరుచుకుంటూ నవ్వేశాడు.

మా ఉక్కు బేరం అలా కాదు. మన భిలాయిలో 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించారు. దల్లీ రాజహరా నుంచి ఇనుప ఖనిజం వస్తుంది. మేం పట్టాలు చేస్తాం, రైల్వే కొంటుంది, వాటి మీద రైలు నడుస్తుంది. అందుకే మా జీతం ఆగలేదు. ఈము బేరంలో ఆ రైల్వే ఎవరో ఎవరికీ తెలీదు.

అటు తమిళనాడులో ఇంకో రకం. ఈరోడ్ జిల్లా పెరుందురైలో సూసీ ఈము ఫామ్స్ అని ఉండేది. లక్షన్నర కడితే ఆరు పిల్లలు, నెలకి ఆరు వేలు, ఏడాదికి 20 వేలు బోనస్ అంది. టీవీలో సినిమావాళ్లు చెప్పేసరికి జనం ఎగబడ్డారు. 2012 ఆగస్టులో అది కూలింది. పిట్టలు ఆకలికి అల్లాడితే సర్కారే మేత వెయ్యాల్సి వచ్చింది. మనవైపు బేరమూ ఆ రోజుల్లోనే చచ్చింది. ఒక్కోటి రోజుకి కిలో దాకా దాణా తింటుంది. మీ నాయనమ్మ తమ్ముడు కొన్నాళ్లు అప్పు చేసి మేపి, ఆఖరికి అడిగినవాడికి ఊరికే ఇచ్చేశాడు. తీసుకునేవాడు దొరకనివాళ్లు రాత్రిపూట గేటు తీసి వదిలేశారు.

ఉతయి పిట్ట కూడా అలా వచ్చిందే అయ్యుంటుంది. నాదని ఒక్కడూ రాలేదు. వస్తే పిట్టతోపాటు అప్పూ తనదే అని ఒప్పుకోవాలి కదా! కుర్రాళ్లు మైత్రీబాగ్ జూలో వదిలేద్దామన్నారు. జూ అంటే బందెలదొడ్డి కాదురా, తోలుకెళ్లి తలుపు వెయ్యడానికి, అన్నాను. ఫారెస్టాయన వచ్చి, ఇది మన అడవి జంతువు కాదని నవ్వుకుంటూ పోయాడు. దాంతో నేస్తం బాడీలోనే ఉండిపోయింది. ఆడది. చలికాలం రాత్రుళ్లు గొంతు కింద గాలితిత్తి ఉబ్బించి డప్పు కొట్టినట్టు మోగేది. వాళ్ల కోడలు దెయ్యమనుకుని వారం దాకా పెరట్లోకి రాలేదు.

దాని సొంత దేశం ఆస్ట్రేలియాలో 1932లో ఇవి గోధుమ చేలమీద పడితే, సైన్యం మెషిన్‌గన్‌లతో దిగింది. పిట్టలే గెలిచాయి. కానీ అక్కడ తిండి వెతుక్కుంటూ అవే వచ్చాయి. ఇక్కడ మనం ఎదురు డబ్బిచ్చి తెచ్చుకున్నాం, మనమే వీధిలోకి తోలాం. ఇందులో పిట్ట తప్పేముంది?

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నువ్వేదో కడక్‌నాథ్ కోళ్లంటున్నావట. వద్దనను. ఆ నల్లకోడిని ఇష్టంగా తినేవాళ్లు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నారు. అయినా షెడ్డు వేసే ముందు సుపేలా బజారుకి పో, హోటళ్లకి పో. నెలకెన్ని కొంటారు, ఏ ధరకి కొంటారు, రాసుకురా. పిల్లల్ని అమ్మేవాడి మాట కాదు, కూర వండేవాడి మాట నాకు కావాలి. ఆ కాగితం చూశాకే మీ నాయనమ్మ పేరున ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ గురించి మాట్లాడుకుందాం.