సీటు కింది ట్యాంకు: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

పాత జీపుకో, జీపు చాసిస్ మీద కట్టిన పికప్పుకో ఇంధనం ట్యాంకు చోటు మార్చే పనిని షెడ్డు భాషలో చెప్పాలంటే ఒక్క వాక్యం చాలు:

"సీటు కింద ట్యాంకు దించి, చాసిస్ నడుమ బ్రాకెట్లు వేసి, పట్టీలతో బిగించి, నోరు, గాలిగొట్టం, లైను, రిటర్ను, ఫ్లోటు, ఎర్తు కలిపి, ఆర్సీ సరిచూసుకొని రోడ్డెక్కించాలి."

ఒకప్పుడు విజయనగరం నుంచి రాయపూర్ పోయిన పాత 43వ నంబరు జాతీయ రహదారి (ఈ భాగానికి ఇప్పుడు నంబరు 26) మీద సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు. 2022 ఏప్రిల్‌లో విజయనగరం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాకు మారింది. అక్కడ లారీ బాడీలు కట్టే షెడ్లున్నాయి, చాసిస్ చూపుతోనే కొలిచే మేస్త్రీలున్నారు. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం సంతలకు చింతపండు, కొండచీపుర్లు, అనాసలు, వాటి మీద మనుషుల్ని మోసిన జీపుల పని ఇప్పుడు ఆటోలూ కొత్త పికప్పులూ చేస్తున్నాయి. మిగిలిన పాత బండ్లను ఇష్టంతో ఉంచుకున్నవాళ్లే నడుపుతున్నారు. వాళ్లలో చాలామందికి ఈ ట్యాంకు ఆలోచన ఏదో ఒక రోజు వస్తుంది. పై వాక్యంలో ట్యాంకు, చాసిస్ అన్నవి పెద్ద మాటలు. వాటి గురించి అందరూ ఆలోచిస్తారు. బండి ఆగిపోయినా, అంటుకున్నా కారణం ఎక్కువగా చివర వరసగా వచ్చే చిన్న మాటల్లో ఉంటుంది. అందుకే ఈ వ్యాఖ్యానంలో చిన్న మాటలకే ఎక్కువ చోటిచ్చాను.

సీటు కింద: రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపులో ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉండేది. 15 గ్యాలన్లు పట్టేది, అంటే సుమారు 57 లీటర్లు. పెట్రోలు పోయాలంటే డ్రైవరు లేచి, కుషను ఎత్తి, మూత తిప్పాలి. 1945లో వచ్చిన సీజే-2ఏ జీపులో నోటిని బాడీ పక్కకు తెచ్చారు గాని ట్యాంకు అక్కడే ఉండిపోయింది. 1940ల చివర్లో మహీంద్రావాళ్లు విల్లీస్ విడిభాగాలతో బొంబాయిలో జీపులు బిగించడం మొదలుపెట్టినప్పుడు ఆ అమరికే మనకూ వచ్చింది. అమెరికాలో 1960 నుంచి 1972 దాకా వచ్చిన షెవ్రొలే పికప్పుల్లోనైతే ట్యాంకు క్యాబు లోపల, సీటు వీపు వెనకాల నిలబడి ఉండేది.

ఆ ఇంజనీర్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు. రెండు ఇరుసుల మధ్య ఉంటే వెనక నుంచి గుద్దినా ట్యాంకుకు తగలదు, రాయీ బురదా అందవు, పంపుకి పోయే లైను పొట్టిగా ఉంటుంది. చిక్కల్లా మనిషీ ఇంధనమూ ఒకే గదిలో ఉండటం. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు; పైకి పోదు, ఫ్లోరు మీద పేరుకుంటుంది. తలుపుల్లేని యుద్ధం జీపులో ఆ ఆవిరిని గాలి ఊడ్చుకుపోయేది. మనవాళ్లు హార్డ్‌టాప్ వేసి, తలుపులు పెట్టి, అద్దాలు బిగించారు. తయారైననాడు లేని ప్రమాదాన్ని ఆ మూసిన క్యాబు తెచ్చిపెట్టింది. ట్యాంకు మార్చాలా వద్దా అని అడిగేవాళ్లకు నా జవాబు దీని మీదే ఆధారపడుతుంది: పైన గుడ్డ టాపు, పక్కలు తెరిచిన బండైతే ట్యాంకును ఉన్నచోటే బాగుచేయించండి, మూసిన క్యాబైతే మార్చండి.

ట్యాంకు దించి: ఖాళీ ట్యాంకు నిండిన ట్యాంకు కంటే భయంకరమైనది. గాలిలో పెట్రోలు ఆవిరి ఒకటిన్నర నుంచి ఏడున్నర శాతం దాకా కలిస్తే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది. ఇంధనం తోడేసిన ట్యాంకులో ఉండేది అలాంటి గాలే కావచ్చు. పెట్రోలుకి మంటందుకునే ఆవిరి సున్నాకి దిగువ 40 డిగ్రీల చలిలో కూడా లేస్తుంది. డీజిలుకి మన దేశపు ప్రమాణం కనీసం 35 డిగ్రీలంటుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద ఎండ ఆ 35ని ఎప్పుడో దాటేస్తుంది, కాబట్టి "డీజిలే కదా" అన్న ధీమా కూడా పనికిరాదు. ముందు బ్యాటరీ తీగ విప్పాలి. తర్వాత ఆరుబయట ఇంధనం తోడాలి. ఆ ట్యాంకుకు వెల్డింగు చేయాల్సి వస్తే సబ్బు వేన్నీళ్లతో పలుమార్లు కడిగి, అతికే చోటు మాత్రం పైకి ఉండేలా నీళ్లు నింపి, అప్పుడే, అదీ ఆ పని తెలిసినవాడే చేయాలి. నన్నడిగితే పాత ట్యాంకుకు మంట చూపించవద్దు, కొత్తది కట్టించుకోండి.

చాసిస్ నడుమ: "నడుమ" అన్నది ఈ వాక్యంలో ప్రాణం ఉన్న మాట. 1973లో జనరల్ మోటార్స్ తన పికప్పుల ట్యాంకును క్యాబు లోంచి బయటికి తెచ్చింది, కానీ చాసిస్ దూలాలకు లోపల కాక బయట, పక్కల్లో పెట్టింది. పక్క నుంచి గుద్దితే ట్యాంకుకు అడ్డం బాడీ రేకు మాత్రమే. అలా గుద్దుకున్నప్పుడు లేచిన మంటల మీద ఏళ్ల తరబడి కేసులు నడిచాయి. 1992లో ఎన్‌బీసీ టీవీ ఆ పికప్పును పక్క నుంచి గుద్దించే ఒక పరీక్ష చూపించింది. ఆ పరీక్షలో మంట రాజేసే సాధనాలు తామే అమర్చామని 1993 ఫిబ్రవరిలో ఒప్పుకొని క్షమాపణ చెప్పింది. ఆ టీవీ చేసిన తప్పు ట్యాంకు చోటుని మంచిది చేయలేదు. 1994 డిసెంబరులో జనరల్ మోటార్స్ భద్రతా కార్యక్రమాలకు 5 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చేలా అమెరికా రవాణా శాఖతో ఒప్పందం కుదిరింది.

మరి నడుమలో ఎక్కడ? వెనక ఇరుసు హౌసింగుకు ముందు చోటుంటే అదే మేలు. హౌసింగుకీ బంపరుకీ మధ్య పెడితే ఏమవుతుందో ఫోర్డ్ పింటో కారు చూపించింది. వెనక నుంచి గుద్దినప్పుడు ట్యాంకు ముందుకు జరిగి హౌసింగు బోల్టులకు గుచ్చుకునేది. 1978లో సుమారు 15 లక్షల బండ్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. కానీ 80 అంగుళాల వీల్‌బేసు ఉన్న పొట్టి జీపులో హౌసింగు ముందు చోటు దొరకదు. 1970ల మొదట్లో అమెరికా సీజేల్లో కూడా ట్యాంకు వెనక్కే పోయింది. అప్పుడు ట్యాంకు కింద మందపాటి రేకు పళ్లెం, వెనక గట్టి క్రాస్ మెంబరు తప్పవు. పొడుగు చాసిస్ పికప్పులో హౌసింగు ముందు, ప్రొపెల్లర్ షాఫ్టుకు ఒక పక్కగా పెట్టవచ్చు. షాఫ్టు క్రాసు విరిగితే అది కొరడాలా తిరుగుతుంది గనక మధ్యలో ఇనుప కట్టు ఉండాలి. కమాన్లు పూర్తిగా నొక్కుకున్నప్పుడు హౌసింగు ఎంత పైకి లేస్తుందో లోడు వేసి కొలవాలి, ఖాళీ బండి మీద కొలిస్తే లాభం లేదు. సైలెన్సరు గొట్టం ట్యాంకు పక్కనుంచి పోతుంటే గొట్టాన్నే అవతలి వైపు తిప్పండి. అది కుదరనప్పుడే వేడి తగలకుండా మధ్యలో రేకు పెట్టడం.

బ్రాకెట్లు: చాసిస్ దూలానికి పైన, కింద ఉండే అంచుల మీదే బరువంతా సాగుతుంది. రంధ్రాలు ఆ అంచులకు వేయకూడదు, నిలువు ముఖం మధ్యలో వేయాలి. 60 లీటర్ల పెట్రోలు 45 కిలోల దాకా, డీజిలైతే 50 కిలోలు తూగుతుంది. గుంటలో పడ్డప్పుడు ఆ బరువు రెండింతలై లాగుతుంది.

పట్టీలు: ట్యాంకుకీ పట్టీకీ మధ్య మెత్తగా ఏదో ఒకటి ఉండాలని అందరికీ తెలుసు. అక్కడే గోనెగుడ్డో ఫెల్టో పెడతారు. మన తీరంలో అది ట్యాంకును తినేస్తుంది. నౌపడా ఉప్పు మోసిన బండి కిందికి దూరి చూసినవాళ్లకు ఇది కొత్త కాదు: రంగు బాగానే ఉంటుంది, పట్టీ విప్పితే దాని వెడల్పునే గోధుమరంగు చార, దాని మీద గోరు పెడితే పెచ్చు లేస్తుంది, పెచ్చు కింద తడి. ఫెల్టు నీళ్లు పట్టుకుంటుంది, ఆ నీళ్లలో ఉప్పుంటుంది. నీరు పీల్చని రబ్బరు పెట్టి, పట్టీ అంచులు రేకులో దిగకుండా మడిచి, అడుగున నీరు నిలిచే మూల లేకుండా చూస్తే ఎంతో ఆయుష్షు.

నోరు: ట్యాంకు వెనక్కి పోతే నోటి గొట్టం పొడవు పెరుగుతుంది. అది ఎక్కడా పల్లం పడకుండా వాలుగా దిగాలి. మధ్యలో పల్లముంటే అక్కడ ఇంధనం నిలుస్తుంది, బంకులో గన్ను పెట్టిన ప్రతిసారీ పైకి తంతుంది. నీళ్ల రబ్బరు గొట్టం వాడకండి, పెట్రోలుకి అది ఉబ్బి మెత్తబడుతుంది. మూత దగ్గర ఒలికినది క్యాబులోకి కాక నేల మీదికి పోయేలా దారి ఉండాలి.

గాలిగొట్టం: ఈ వాక్యంలో అందరూ మరచేది ఇదే. ఇంధనం ఎంత పోతే అంత గాలి లోపలికి రావాలి. రాకపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి, పంపు ఎంత లాగినా ఇంధనం రాదు. సాలూరు దాటి సుంకి వైపు ఘాటీ ఎక్కుతుండగా ఇంజను తడబడి ఆగిపోతుంది. "పంపు పోయింది బావూ" అని పంపు విప్పుతారు, కార్బురేటరు విప్పుతారు. ఎవరో ట్యాంకు మూత తీస్తారు. ఉస్సుమని గాలి పీల్చిన చప్పుడు, ఆపై బండి చక్కగా స్టార్టవుతుంది. అప్పటినుంచి మూత వదులుగా పెట్టి తిరిగేవాళ్లున్నారు. అది మందు కాదు. మలుపులో ఒలికే దారి.

గాలిగొట్టం మొదలు ట్యాంకు పైభాగంలో ఉండాలి. అక్కడినుంచి నోటికంటే ఎత్తుకు లేచి, వంపు తిరిగి కిందికి దిగాలి. చివర దుమ్ము పట్టకుండా చిన్న జాలీ పెట్టాలి. బండి పల్టీ కొడితే ఇంధనం కారకుండా ఆపే చిన్న వాల్వు దొరుకుతుంది, పెట్టించండి. నింపేటప్పుడు లోపలి గాలి బయటికి పోవడానికి నోటి గొట్టం పక్కనే మరో సన్న గొట్టం వేరే ఉండాలి. అది లేకపోతే మీటరు పది లీటర్లు తిరిగేలోగా గన్ను పదిసార్లు ఆగుతుంది. ఇంకొకటి: పెట్రోలు ఒక్కో డిగ్రీ వేడికి వెయ్యింట ఒక వంతు చొప్పున ఉబ్బుతుంది. తెల్లవారుజామున అంచుదాకా 60 లీటర్లు పోయించిన బండి మధ్యాహ్నానికి 15 డిగ్రీలు వేడెక్కితే ముప్పావు లీటరు పైన ఎక్కడికో పోవాలి. ఆ చోటు ట్యాంకులోనే వదలాలి.

లైను: ఇంజను పక్కనుండే పాత పంపు పీల్చే పంపు. ట్యాంకు వెనక్కి పోయేకొద్దీ పీల్చాల్సిన దూరం పెరుగుతుంది, ఏ జాయింటు వదులైనా గాలి పీలుస్తుంది. ఎండాకాలంలో సైలెన్సరు దగ్గరగా పోయే లైనులో పెట్రోలు ఆవిరైపోయి పంపు చేతికి చిక్కదు. ఎలక్ట్రిక్ పంపు పెట్టేవాళ్లు దాన్ని ట్యాంకు దగ్గరే, కిందిమట్టంలో పెట్టాలి. అది తోయడంలో బలమైంది, పీల్చడంలో బలహీనం. ఇంజను ఆగితే పంపు కూడా ఆగే స్విచ్చు తప్పదు. లేకపోతే ప్రమాదంలో ఇంజను ఆగినా తెగిన లైనులోంచి పంపు పెట్రోలు పోస్తూనే ఉంటుంది. మరొక కొత్త సంగతి: 2025 నాటికి దేశమంతా పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. అది తేమ పీలుస్తుంది, పాత రబ్బరుకు పడదు, ట్యాంకు గోడల తుప్పును ఊడదీసి ఫిల్టరుకు తెస్తుంది. ఎలాగూ లైను విప్పుతున్నారు గనక ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలే వేయండి.

రిటర్ను: పెట్రోలు జీపులకు డీజిలు ఇంజను దించడం మన వైపు మామూలే. డీజిలు పంపు, ఇంజెక్టర్లు వాడని ఇంధనాన్ని ట్యాంకుకే తిప్పి పంపుతాయి. పెట్రోలు ట్యాంకుకు ఆ రెండో ముక్కు ఉండదు. కొత్త ట్యాంకు కట్టేటప్పుడే దాన్ని పెట్టించండి. పీల్చే గొట్టానికి దూరంగా పెట్టకపోతే బుడగలు మళ్లీ పంపులోకే పోతాయి.

ఫ్లోటు: ఇంధనం మీటరు ముల్లుకీ ట్యాంకులోని ఫ్లోటుకీ జత కలవాలి. ఫోర్డ్ పాత పద్ధతిలో ఖాళీకి 73 ఓములు, నిండుకి 10. జనరల్ మోటార్స్‌ది ఖాళీకి సున్నా, నిండుకి 90. బజారులో దొరికే మరో రకం 240 నుంచి 33. వేరేది పెడితే ముల్లు అబద్ధం చెబుతుంది. ట్యాంకు లోతు మారితే ఫ్లోటు కాడ పొడవు కూడా మార్చాలి.

ఎర్తు: రబ్బరు పట్టీల మీద, రబ్బరు గొట్టాలతో కూర్చున్న ట్యాంకుకు చాసిస్‌తో ఇనుము సంబంధం తెగిపోతుంది. ముల్లు పిచ్చిగా ఊగడం దాని చిన్న ఫలితం. బంకులో పెట్రోలు జారేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు పోయే దారి లేక నోటి దగ్గర రవ్వగా దూకడం పెద్ద ఫలితం. నోటి ఇనుము నుంచి ట్యాంకుకు, ట్యాంకు నుంచి చాసిస్‌కు ఒక్కో రాగి తీగ వేసి, రంగు గీకి బోల్టు వేయాలి. ఈ కారణానికే పికప్పు వెనక బాడీలో ప్లాస్టిక్ డబ్బా ఉంచి పెట్రోలు పట్టకూడదు. దించి నేల మీద పెట్టి పట్టాలి.

ఆర్సీ: మోటారు వాహనాల చట్టం 1988, సెక్షను 52 ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. ట్యాంకు ఎక్కడుందో రాసే గడి ఆర్సీలో లేదు. ఇంధనం ఏదో రాసే గడి ఉంది. పెట్రోలు నుంచి డీజిలుకు మారిన బండి ఆ మార్పు నమోదు లేకుండా తిరగకూడదు. ట్యాంకు సంగతి పని మొదలెట్టకముందే బ్రేకు ఇన్‌స్పెక్టరుకు చూపించి అడగండి. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల కింద "వీఏ" వరుస నంబరు తీసుకోవాలనుకునేవాళ్లు మరీ జాగ్రత్త: చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారని బండికే ఆ గుర్తింపు. అలాంటి బండిలో ట్యాంకు సీటు కిందే ఉండనివ్వండి. అది మూసిన క్యాబైనా సరే, కొత్త ట్యాంకు, కొత్త గొట్టాలు, చెవులు పగలని మూత వేసి, బయటికి దారితీసే గాలిగొట్టం పెట్టించండి.

రోడ్డెక్కించాలి: మొదట పావు ట్యాంకు పోసి ఒక రాత్రి వదిలేయాలి. పొద్దున్నే అడుగున కాగితం పరిచి ప్రతి జాయింటు చూడాలి, క్యాబు తలుపు తీయగానే వాసన పట్టాలి. తర్వాత నిండా పోయించి, ముక్కు పైకి ఉండేలా వాలులో నిలపాలి; ఆపై ముక్కు కిందికి. క్యాబులో చేతికందే చోట మంటలార్పే పొడి సిలిండరు పెట్టుకొని, లోడుతో ఒకసారి ఘాటీ ఎక్కి దిగాలి. తిరిగొచ్చాక కిందికి దూరి పట్టీ బోల్టులన్నీ మళ్లీ బిగించాలి. కొత్త రబ్బరు నొక్కుకుపోయి మొదటి ప్రయాణంలోనే అవి వదులవుతాయి.