రామనవమి నాడు ఆగిన ఎక్స్‌పీ

కిందటి ఎపిసోడ్ తర్వాత నాకు ఎక్కువగా వచ్చిన ప్రశ్న చరిత్ర గురించి కాదు. "షాపులో విండోస్ 10 ఉంది, ఇక దానికి సపోర్టు లేదంటున్నారు, 11 వేయించమంటారా వద్దంటారా?" అని అడుగుతున్నారు. అడిగినవాళ్లలో చాలామంది డీటీపీ షాపులవాళ్లు, మీసేవ నడిపేవాళ్లు, ఒకరిద్దరు స్కూలు మాస్టర్లు. నేను కంప్యూటర్లు బాగుచేసే మనిషిని కాను. కొన్నేళ్లు భద్రాచలంలో ఒక డీటీపీ షాపులో కూర్చుని తెలుగు కొట్టినవాణ్ణి మాత్రం. ఈ ప్రశ్నకి మన ఖమ్మం, భద్రాచలం వైపు ఒక చరిత్ర ఉంది. అది చెప్పుకుంటే జవాబు సగం దానంతటదే తేలుతుంది.

2014 ఏప్రిల్ 8, మంగళవారం. జయ నామ సంవత్సర శ్రీరామనవమి. భద్రాచలంలో ఆ రోజు ఎట్లా ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు. మిథిలా స్టేడియంలో కల్యాణం, గోదావరి రేవుల్లో తల మీద తల, లాడ్జీల్లో గదుల్లేక జనం అరుగుల మీదే పడుకోవడం. సరిగ్గా అదే తేదీన మైక్రోసాఫ్ట్ వాళ్లు విండోస్ ఎక్స్‌పీకి సపోర్టు ఆపేశారు. ఆఫీస్ 2003కి కూడా అదే రోజు. ఊళ్లో దాని గురించి మాట్లాడినవాళ్లెవరూ నాకు గుర్తులేరు. ముత్యాల తలంబ్రాల పొట్లాల మీదున్న ధ్యాస దాని మీద ఎందుకుంటుంది చెప్పండి?

సపోర్టు ఆగడం అంటే ఏంటో ముందు చూద్దాం, ఇక్కడే చాలామంది పొరబడతారు. కంప్యూటర్ ఆగిపోదు. మర్నాడు పొద్దున స్విచ్చి వేస్తే మామూలుగానే లేస్తుంది. లోపల ఏదైనా కన్నం బయటపడితే దాన్ని పూడ్చే మాసిక ఇకమీదట రాదు, అంతే తేడా. పాత ఇల్లు లాంటిదనుకోండి. గోడలు నిలబడే ఉంటాయి, పెంకు జారితే మార్చడానికి మేస్త్రీ మాత్రం రాడు.

ఇప్పుడు ఎక్స్‌పీ మనకెందుకు ముఖ్యమో చెప్తాను. 2001 అక్టోబర్‌లో అది మార్కెట్లోకి వచ్చింది. దానికి ముందటి విండోస్ 2000లో హిందీకి మంగళ్ అనే ఫాంటు, తమిళానికి లత అనే ఫాంటు ఉండేవి. తెలుగుకి ఏమీ లేదు. ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. విండోస్ తనంతట తాను తెలుగు అక్షరాన్ని అక్షరంగా గుర్తుపట్టి చూపించడం అప్పుడే మొదలైంది. దాంట్లోనూ ఒక మెలిక ఉంది. రీజనల్ సెట్టింగుల్లోకి వెళ్లి, సంక్లిష్ట లిపులకు టిక్కు పెట్టి, ఇన్‌స్టలేషన్ సీడీ లోపల పెడితే గానీ అది పనిచేసేది కాదు. ఆ సీడీ షాపులో ఎక్కడుందో ఎవరికి తెలుసు? అసలు మనకిచ్చినదే కాపీ సీడీ అయితే! అందుకని తెలుగు వచ్చిన సంగతి తెలియకుండానే కొన్ని వేల యంత్రాలు ఏళ్ల తరబడి తెలుగు జిల్లాల్లో నడిచాయి.

మరి షాపుల్లో పెళ్లిపత్రికలు, అర్జీలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు ఎట్లా తయారయ్యాయంటే, పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు. కొంతమంది దగ్గర శ్రీలిపి. తొంభైల నుంచి తెలుగు అచ్చు పని ఎక్కువ భాగం నడిచింది ఈ జోడీ మీదే. ఖమ్మం కమాన్‌బజార్ దగ్గర్నుంచి చర్ల దాకా ఏ షాపుకి వెళ్లినా ఇదే సరంజామా. ఆపిల్ కీబోర్డు లేఅవుట్ వేళ్లకి పట్టిందంటే ఆ మనిషి తెర వైపు చూడకుండా కొట్టేవాడు.

ఈ అనూ పద్ధతి ఎట్లా పనిచేస్తుందో కాస్త వివరంగా చెప్పాలి, మొత్తం కథకి కీలకం అదే. కంప్యూటర్ లోపల ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఉంటుంది. యూనికోడ్‌లో తెలుగుకి 128 గదులు ప్రత్యేకంగా కేటాయించారు. అందులో "భ"కి ఎప్పుడూ ఒకటే నంబరు, ఏ దేశంలో ఏ కంప్యూటర్లో తెరిచినా అది "భ"నే. అనూ లాంటి పాత ఫాంట్లలో అట్లా కాదు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లోనే తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టారు. ఒక గదిలో తలకట్టు, ఒక గదిలో ఒత్తు, ఇంకో గదిలో గుడిదీర్ఘం. కంప్యూటర్ లెక్కలో మీరు కొట్టింది ఇంగ్లీషు గుర్తుల వరుస, అంతే. పైన అనూ అనే ముసుగు వేస్తే తెలుగులా కనపడుతుంది. ముసుగు తీస్తే, అంటే ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే, అర్థంపర్థం లేని గీతలు, గుర్తులు.

ఆ రోజుల్లో అది తెలివైన ఉపాయమే, నేను తప్పు పట్టను. ఆపరేటింగ్ సిస్టమ్‌కి తెలుగు రానప్పుడు తెలుగు అచ్చు ఆగకుండా నడిపించింది ఆ ఉపాయమే. కాకపోతే ఆ ఫైళ్లు మూడింటికి కట్టుబడిపోయాయి: ఆ ఫాంటు, ఆ పేజ్‌మేకర్, వాటిని నడిపే విండోస్. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, అది వచ్చింది 2001లో. దానికి యూనికోడ్ రాదు. తయారుచేసిన అడోబీ సంస్థే దాన్ని పక్కన పెట్టేసి ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది. కొన్ని ఫాంట్ ప్యాకేజీలకైతే కంప్యూటర్ వెనక తగిలించే డాంగిల్ ఉండేది. అది పట్టే పోర్టు కొత్త యంత్రాలకి ఉండదు. ఇక షాపువాడు ఎక్స్‌పీ వదలమంటే ఎందుకు వదులుతాడు? బద్ధకం అనుకుంటారు గానీ, అతని పదేళ్ల పని అందులో ఉంది.

ఇక్కడ మన ప్రాంతం సంగతి కలుస్తుంది. భద్రాచలం డివిజన్ మొదట తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది, 1959లో ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో రాష్ట్ర విభజన. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. అంతకు నాలుగు రోజుల ముందు, మే 29న వచ్చిన ఆర్డినెన్సుతో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్లాయి. జూలైలో పార్లమెంటు దానికి చట్టరూపం ఇచ్చింది. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు అటు. భద్రాచలం పట్టణం ఇటు. పట్టణాన్ని ఆనుకునే ఉన్న ఎటపాక కూడా అటే. ఆపరేటింగ్ సిస్టమ్ మారాలా వద్దా అని మమ్మల్ని అడిగారు. రాష్ట్రం సంగతి మాత్రం ఎవరూ అడగలేదు!

ఆ వేసవిలో షాపుల్లో పని ఎట్లా పెరిగిందో చూడాలి. లెటర్‌హెడ్డులు, రబ్బరు స్టాంపుల నమూనాలు, స్కూలు రికార్డు షీట్లు, అన్నిటి మీదా జిల్లా పేరో రాష్ట్రం పేరో మార్చాలి. పాత ఫైలు తెరవాలి, ఒక్క లైను మార్చాలి, ప్రింటు తియ్యాలి. అంటే ఆ పాత ఫైలు తెరుచుకోవాలి కదా! సపోర్టు ఆగిన రెండు నెలలకే ఎక్స్‌పీ అవసరం మాకు ఎన్నడూ లేనంతగా పడింది. ఆ తర్వాత 2016 అక్టోబర్ 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది, మళ్లీ అదే పని. 2022లో చింతూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. 2024లో టీఎస్ కాస్తా టీజీ అయింది. మా వైపు డీటీపీవాళ్లకి సర్కారు పెట్టిన పని ఇది, వద్దనడానికేం లేదు.

పెళ్లిపత్రిక పోతే ఇంకోటి కొట్టుకోవచ్చు. పోడు అర్జీలు అట్లా కాదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి ఆ భూమి సాగులో ఉండాలి. కోయ గూడేల నుంచి వచ్చి అర్జీలు రాయించుకున్నవాళ్లు చాలామంది. కాగితం వానకి తడిసిపోతుంది, ఇల్లు మారితే పోతుంది. "అన్నా, ఆనాడు కొట్టిన అర్జీ నీ కంప్యూటర్ల ఉందా?" అని ఏళ్ల తర్వాత వచ్చేవాళ్లు. హద్దులు, సర్వే నంబర్లు, ఎప్పుడు ఎవరికి ఇచ్చిందీ అన్నీ అందులో ఉండేవి. ఆ ప్రింటు ఒక్కటే సాక్ష్యం కాదు, నిజమే. కానీ 2023 జూన్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలయ్యేదాకా ఎన్నిసార్లు అర్జీ పెట్టాల్సి వచ్చిందో లెక్కేసుకోండి. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పుకోవడం వేరు, పాత అర్జీ చేతిలో పట్టుకుని వెళ్లడం వేరు.

మరి ఎక్స్‌పీని చివరికి ఎవరు వెళ్లగొట్టారు? మైక్రోసాఫ్ట్ ప్రకటన కాదు. బ్రౌజర్లు. 2016 ఏప్రిల్‌లో గూగుల్ క్రోమ్ ఎక్స్‌పీకి అప్‌డేట్లు ఆపేసింది. నెమ్మదిగా ప్రభుత్వ సైట్లు తెరుచుకోవడం మానేశాయి. దరఖాస్తులన్నీ ఆన్‌లైన్ అయ్యాక సైటు తెరుచుకోని యంత్రంతో ఏం చేస్తాం? షాపులు విండోస్ 7కి వెళ్లాయి. 2023లో క్రోమ్ 7ని కూడా వదిలేసింది, మళ్లీ 10. బ్యాంకుల కథ వేరు. ఏటీఎంలలో చాలాభాగం ఎక్స్‌పీ మీదే నడుస్తుండేవి. 2018 జూన్‌లో రిజర్వు బ్యాంకు గడువులు పెట్టి, 2019 జూన్ కల్లా మొత్తం మార్చి తీరాలని చెప్పింది. అంటే సపోర్టు ఆగిన ఐదేళ్లకన్నమాట. పెద్దవాళ్లే ఐదేళ్లు తీసుకుంటే దుమ్ముగూడెం షాపువాణ్ణి ఏమంటాం?

అట్లాగని భయం ఉత్తదేం కాదు. 2017 మేలో వానాక్రై వచ్చింది, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే రకం. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. మైక్రోసాఫ్ట్ అప్పటికప్పుడు ఎక్స్‌పీకి కూడా మాసిక విడుదల చేయాల్సి వచ్చింది. అయితే పాత ఎక్స్‌పీల వల్లే అంతా జరిగిందని అప్పుడు అందరూ అనుకున్నది నిజం కాదు. దెబ్బతిన్న యంత్రాల్లో అత్యధికం విండోస్ 7వి, అప్పటికి సపోర్టు ఉన్నవే! ఆ కన్నానికి మాసిక మార్చిలోనే వచ్చింది, వాళ్లు వేసుకోలేదు. మన షాపుల్లో అప్‌డేట్లు ఆపేసి పెట్టుకునే అలవాటు ఎక్కడిదో నాకు తెలుసు. 2008లో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 మూడొందల ఎంబీకి పైనే ఉండేది. అడవి అంచున, కరెంటు పోతూ వస్తూ ఉండే చోట, ఆనాటి నెట్టు మీద దాన్ని దించుకోవడమంటే రాత్రంతా జాగారం. అప్పుడు ఆపిన అప్‌డేట్లని చాలామంది మళ్లీ తెరవలేదు.

సరే, ఇప్పటి సంగతికి వద్దాం. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు అయిపోయింది. వ్యక్తిగత కంప్యూటర్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే చిప్పు కావాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి పైన ఉండాలి. అంటే సుమారు 2018కి ముందు కొన్న యంత్రాలు చాలావరకు లెక్కలోకి రావు. ఇంకోటి, 11లో 32 బిట్ వెర్షన్ అనేదే లేదు. కాబట్టి పాత 16 బిట్ ప్రోగ్రాములు, తొంభైల నాటివి, దాని మీద నేరుగా నడవవు. పేజ్‌మేకర్ 7ని కొత్త విండోస్‌ల మీద నడిపించుకుంటున్నవాళ్లు ఉన్నారు గానీ, రేపు ఆగిపోతే అడగడానికి ఎవరూ లేరు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, జనం భూమి కాగితాలు వెళ్లే యంత్రం సపోర్టు ఉన్న విండోస్ మీదే ఉండాలి. అందులో బేరం లేదు. ఎందుకంటే ఆ వివరాలు మీవి కావు, మిమ్మల్ని నమ్మి వచ్చినవాళ్లవి. కానీ పాత యంత్రాన్ని ఫార్మాట్ కొట్టి దాని మీదే కొత్తది ఎక్కించమని మెకానిక్ అంటే మాత్రం వద్దనండి. దాన్ని నెట్టు తీసేసి పక్కన పెట్టండి. అనూ ఫైళ్లన్నీ తెరుచుకునే చోటు అదొక్కటే. దానికి పెన్‌డ్రైవ్ పెట్టేటప్పుడు ముందు స్కాన్ చెయ్యండి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే ఆ వైరస్ రోజులు మర్చిపోయారా? తర్వాత తీరిక దొరికినప్పుడల్లా ముఖ్యమైనవి తెరిచి, పీడీఎఫ్ ఒకటి, యూనికోడ్‌లోకి మార్చిన కాపీ ఒకటి తీసుకోండి. అనూ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, ఒత్తుల దగ్గర తప్పులు పోతాయి, కూర్చుని దిద్దుకోవాలి. ఆపిల్ లేఅవుట్ అలవాటు వదలకుండానే యూనికోడ్‌లో కొట్టే కీబోర్డులూ ఉన్నాయి.

ముందు ఏవి మార్చాలని ఒకరు అడిగారు. పెళ్లిపత్రికలు చివర్న పెట్టండి. మొదట అర్జీలు, సొసైటీ తీర్మానాలు, స్కూలు రికార్డులు, కోయ పాటలు, కథలు తెలుగు లిపిలో కొట్టించుకున్నవాళ్లవి ఏవైనా ఉంటే అవి. కోయకి తనదైన లిపి ప్రచారంలో లేక తెలుగు అక్షరాల్లో రాయించుకున్నవి అవి, చాలావాటికి ఇంకో కాపీ ఎక్కడా ఉండదు. మీ దగ్గర అట్లాంటి ఫైళ్లుంటే, ఏ ఫాంటులో ఉన్నాయో చూసి, ఫైలుతోపాటు ఆ ఫాంటు ఫైలు కూడా అదే ఫోల్డర్లో పెట్టుకోండి. వచ్చే వారం తెలుగు టైపురైటర్ కథతో కలుద్దాం, ఉంటాను.